మిన్నెసోటాలో మొదటి చలికాలం: ట్రైలర్ పైపుల్లో నీళ్లు మిగలకుండా

మిన్నెసోటాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొనుక్కునేవారు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. హోటల్ గదిలో పప్పూ అన్నం వండుకోలేం. ట్రైలర్‌లో అయితే పొయ్యి మనది, పక్క మనది, బాత్రూమ్ మనది. సుపీరియర్ సరస్సు ఒడ్డున గూస్‌బెర్రీ జలపాతాల దగ్గర ఒక వారాంతం, మిసిసిపీ నది పుట్టే ఇటాస్కా పార్కులో మరో వారాంతం గడిపేసరికి వేసవి అయిపోతుంది. కొన్న రోజున అమ్మినవారు పంపు, వాటర్ హీటర్, గ్యాస్ అన్నీ చూపించే ఉంటారు. కానీ అక్టోబరులో చేయవలసిన పని గురించి జూన్‌లో చెబితే ఎవరి చెవికీ ఎక్కదు. ఈ సూచనలు ఆ అక్టోబరు పని కోసమే: పైపుల్లో నీళ్లు ఖాళీ చేసి, చలికి అవి పగలకుండా కాపాడే యాంటీఫ్రీజ్ అనే ద్రవం ఎక్కించడం.

పైపులో నీళ్లు గడ్డకట్టే బెడద మన ఊళ్లలో లేదు. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు వస్తేనే పత్రికల్లో ఫొటోలతో వార్త వస్తుంది. మినియాపొలిస్‌లో 2019 జనవరి 30న మైనస్ 28 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే దాదాపు మైనస్ 33 సెల్సియస్. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఇప్పటి ట్రైలర్లలో వేసే పెక్స్ అనే ప్లాస్టిక్ గొట్టాలు కొంతవరకు సాగి తట్టుకుంటాయి. పగిలేవి ఆ గొట్టాలను కలిపే ప్లాస్టిక్ మలుపులు, కుళాయిల లోపలి భాగాలు, పంపు తల, టాయిలెట్ వెనక ఉండే వాల్వు. ఇవన్నీ గోడల వెనకా నేల కిందా ఉంటాయి. పగిలిన సంగతి చలికాలమంతా బయటపడదు, లోపల ఉన్నది మంచుగడ్డ కనుక. మే నెలలో నీళ్లు వదిలాక నేల తడిసినప్పుడు తెలుస్తుంది. ఇలా పగిలిన వాటికి తయారీదారుల వారంటీ సాధారణంగా వర్తించదు. బీమా పాలసీలో కూడా ఈ మినహాయింపు ఉందేమో చదివి చూసుకోండి.

ఒక్క రాత్రి 31 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. ఉష్ణోగ్రత 20ల్లోకి దిగి గంటల తరబడి అక్కడే ఉంటేనే ప్రమాదం. ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) చుట్టుపక్కల అక్టోబరులో ఆ రాత్రులు మొదలవుతాయి, రాష్ట్రం ఉత్తర భాగంలో ఇంకా ముందే వస్తాయి. అక్టోబరు మూడో వారంలో బడులకు వచ్చే సెలవుల్లో చివరిసారి క్యాంపింగ్‌కు వెళ్లాలని చాలామంది అనుకుంటారు. మనకు బతుకమ్మ, దసరా, దీపావళి కూడా ఆ రోజులకు అటూ ఇటూగానే వస్తాయి. వారాంతాలన్నీ గుడికీ పేరంటాలకూ పోతాయి. అందుకే సెప్టెంబరులోనే క్యాలెండర్ మీద ఒక శనివారం గీత గీసి పెట్టుకోండి. డిసెంబరులో ఇండియా వెళ్లి సంక్రాంతి తర్వాత తిరిగి వచ్చేవారు ఈ పని తేల్చకుండా టికెట్లు కూడా కొనకూడదని నేనంటాను.

ఇంకొకటి. చాలా కాలనీల్లో ఇంటి ముందు ట్రైలర్ నిలిపి ఉంచడానికి ఒప్పుకోరు, చలికాలానికి అద్దె యార్డులో పెట్టాల్సి వస్తుంది. అక్కడ కరెంటు ఉండకపోవచ్చు, నీళ్ల కుళాయి ఉండకపోవచ్చు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా యార్డుకు తీసుకెళ్లే ముందే ఇంటి దగ్గర ముగించాలి. మొదటి ఏడాది డబ్బిచ్చి చేయించుకున్నా తప్పు లేదు. అయితే పక్కనే నిలబడి, ఏ వాల్వు ఎటు తిప్పారో ఫోనులో వీడియో తీసుకోండి. ఆ వీడియో ఉంటే రెండో ఏడాది ఎవరి అవసరమూ రాదు.

కొనేటప్పుడు సీసా చదవండి

కావలసింది ట్రైలర్ల కోసమే అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్. సీసా మీద ప్రొపిలీన్ గ్లైకాల్ అని ఉండాలి. కారు ఇంజిన్‌లో పోసేది సాధారణంగా ఎథిలీన్ గ్లైకాల్. అది తియ్యగా ఉండే విషం, పిల్లలకూ కుక్కలకూ మరీ ప్రమాదం. తాగే నీటి పైపుల్లోకి అది పొరపాటున కూడా వెళ్లకూడదు. అదే అరలో నీలం రంగులో కారు అద్దాలు కడిగే ద్రవం కూడా ఉంటుంది, దాని మీద కూడా మైనస్ అంకె ఉంటుంది. అందులో సాధారణంగా మెథనాల్ ఉంటుంది, అదీ విషమే. చౌకగా దొరికే గులాబీ రకాల్లో కొన్నింటిలో ఆల్కహాలు కలిపి ఉంటుంది. దానికి నిప్పు అంటుకునే గుణం ఉంది, పైగా రబ్బరు సీళ్లను ఎండగడుతుంది. కాస్త ఎక్కువ పెట్టి ఆల్కహాలు లేనిదే కొనమంటాను.

సీసా మీద మైనస్ 50 అని రాసి ఉంటే అంతవరకు గడ్డకట్టదని అర్థం కాదు, అంత చలిలో కూడా పైపును పగలగొట్టదని అర్థం. అంతకు చాలా ముందే అది బండి మీద అమ్మే ఐస్ గోలాలా గుజ్జుగా మారుతుంది. గుజ్జుకు పైపులో జరిగే చోటు ఉంటుంది, గట్టి మంచుకు ఉండదు. నీళ్లు కలిస్తే మాత్రం ఈ రక్షణ తగ్గిపోతుంది. అందుకే ముందు పూర్తిగా ఖాళీ చేసి, ఆ తర్వాతే ఇది ఎక్కించాలి. మామూలు ట్రైలర్‌కు రెండు మూడు గాలన్లు సరిపోతాయి, వాటర్ హీటర్‌ను దారి తప్పిస్తేనే సుమా.

మురుగు ట్యాంకుల పని ముందు ముగించండి. మురుగు పారబోసేందుకు ఏర్పాటు చేసిన డంప్ స్టేషన్‌లో మొదట టాయిలెట్ ట్యాంకు, తర్వాత సింకు నీళ్ల ట్యాంకు తెరిస్తే రెండోది గొట్టాన్ని కడిగినట్టూ ఉంటుంది. శీతాకాలానికి మూసేసే డంప్ స్టేషన్లు చాలా ఉన్నాయి, తెరిచి ఉందో లేదో చూసుకుని బయల్దేరండి. ఇంటికి వచ్చాక మంచినీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, ట్రైలర్ కింద ఎరుపు, నీలం రంగుల్లో వేలాడే రెండు చిన్న గొట్టాల మూతలు తీసి, లోపల కుళాయిలన్నీ తెరవండి. వేడినీళ్ల దారి, చన్నీళ్ల దారి ఈ రెండు గొట్టాల గుండానే ఖాళీ అవుతాయి. నీళ్ల దారిలో ఫిల్టర్ ఉంటే తీసి పారేయండి. దాని గుండా యాంటీఫ్రీజ్ పోనివ్వకూడదు.

వాటర్ హీటర్

ఎక్కువమంది భయపడేది దీనికే, నిజానికి ఇది సులువైన భాగం. 6 గాలన్ల హీటర్‌లో దాదాపు 23 లీటర్లు, 10 గాలన్లదైతే 38 లీటర్లు నీళ్లు ఉంటాయి. దాన్ని యాంటీఫ్రీజ్‌తో నింపనక్కరలేదు, నింపకూడదు కూడా. ఖాళీ చేసి వదిలేస్తే చాలు.

ముందు గ్యాస్, కరెంటు రెండూ ఆపండి. కొన్ని మోడళ్లలో కరెంటు స్విచ్ లోపలి ప్యానెల్ మీద ఒకటి, బయట హీటర్ మూత వెనక ఇంకొకటి ఉంటుంది. రెండూ ఆపాలి. నీళ్లు లేని ట్యాంకులో కరెంటు పారితే లోపలి హీటింగ్ ఎలిమెంట్ క్షణాల్లో మాడిపోతుంది. తర్వాత నీళ్లు చల్లారనివ్వండి, రాత్రంతా వదిలేయడమే మంచిది. పంపు ఆపి, బయటి హోసు తీసేసి, వేడినీళ్ల కుళాయి ఒకటి తెరిచి ఒత్తిడి పోనివ్వండి. ఆ పిదప బయట హీటర్ మూత తీసి, పైన ఉన్న ప్రెషర్ వాల్వు మీట పైకెత్తి చూడండి. అక్కడ ఏమీ చిమ్మకపోతేనే కింది బిరడా మీద స్పానర్ పెట్టాలి. వేడిగా, ఒత్తిడితో ఉన్న ట్యాంకు బిరడా విప్పితే కాలిన చేతులతో అత్యవసర విభాగానికి పోవలసి వస్తుంది. విప్పేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి.

ఆ బిరడా రెండు రకాలు. సబర్బన్ కంపెనీ హీటర్లలో ట్యాంకు ఉక్కుది, లోపల పింగాణీ పూత ఉంటుంది. దాని బిరడాకు పొడవాటి ఆనోడ్ రాడ్ అతికి ఉంటుంది. నీటి వల్ల పట్టే తుప్పు ట్యాంకును వదిలి ఆ కడ్డీని తినాలని పెట్టిన ఏర్పాటు అది. బయటికి తీసినప్పుడు కడ్డీ గుంటలు పడి, సన్నబడి కనిపిస్తే అది తన పని చేసిందన్నమాట. ముప్పావు వంతు పోయి ఉంటే కొత్తది కొనండి. విప్పడానికి 1-1/16 అంగుళాల సాకెట్ కావాలి, పొడవాటి పిడి ఉంటే ఇంకా మేలు. అట్‌వుడ్ రకం ట్యాంకులు అల్యూమినియంవి. వాటికి ఆనోడ్ ఉండదు, తెల్లటి నైలాన్ బిరడా ఉంటుంది. అది పాడైతే మళ్లీ నైలాన్‌దే వేయండి, ఇత్తడిదైతే అల్యూమినియం మరలు దెబ్బతింటాయి.

బిరడా తీశాక నీళ్లు బొట్లుబొట్లుగా వస్తుంటే ప్రెషర్ వాల్వు తెరిచి ఉంచండి. గాలి లోపలికి పోగానే ధార కడుతుంది. మిన్నెసోటా భూగర్భజలం చాలాచోట్ల కఠినజలం కనుక తెల్లటి సున్నపు పెచ్చులు రాలడం మామూలే. సన్నని గొట్టంలాంటి కడిగే నాజిల్ హోసుకు తగిలించి ట్యాంకు అడుగు కడగండి. చివరికి కొంచెం నీరు అడుగున మిగిలిపోతుంది. దానికి ఉబ్బేందుకు పైన బోలెడు చోటుంది కాబట్టి పట్టించుకోనక్కరలేదు. బిరడా వదులుగా పెట్టి ఉంచితే పురుగులు దూరవు.

ఇప్పుడు బైపాస్, అంటే ద్రవం హీటర్‌లోకి పోకుండా దారి తప్పించడం. హీటర్ వెనక, లోపలి వైపు, తరచూ మంచం కిందో అలమర కిందో ఒక చెక్క విప్పితే మూడు వాల్వులు కనిపిస్తాయి. వాల్వు పిడి పైపుకు సమాంతరంగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. చన్నీళ్లు హీటర్‌లోకి వెళ్లేదీ వేడినీళ్లు వచ్చేదీ మూసి, రెంటినీ కలిపే మధ్యది తెరవాలి. పాత ట్రైలర్లలో రెండో, ఒక్కటో ఉండవచ్చు, సూత్రం అదే. ఇది మరిచిపోతే మీరు కొన్న గులాబీ ద్రవమంతా హీటర్‌లోకి పోయి, బిరడా గుండా నేల మీద పడుతుంది. ట్యాంకు లేని హీటర్ మీ ట్రైలర్‌లో ఉంటే ఈ పద్ధతి పనికిరాదు, దాని పుస్తకంలో చెప్పినట్టే చేయాలి.

గులాబీ రంగు కనపడేదాకా

పంపు దగ్గర చాలా ట్రైలర్లలో ఒక చిన్న పారదర్శక గొట్టం, దానికో వాల్వు ముందే అమర్చి ఉంటాయి. ఆ గొట్టం కొస యాంటీఫ్రీజ్ సీసాలో ముంచి, వాల్వు తిప్పి, పంపు ఆన్ చేయండి. ముందుగా కింది గొట్టాల మూతలు మళ్లీ బిగించి, కుళాయిలన్నీ మూసి ఉండాలి. ఇక ఒక్కొక్క కుళాయి దగ్గరికి వెళ్లి చన్నీళ్ల వైపు తెరవండి, చిక్కటి గులాబీ రంగు వచ్చాక మూయండి. వేడినీళ్ల వైపూ అంతే. లేత గులాబీ వచ్చిందని ఆపేయకండి, అందులో ఇంకా నీళ్లున్నాయి.

వంటగది సింకు, బాత్రూమ్ సింకు, షవరు ఎవరూ మరిచిపోరు. నష్టం జరిగేది మిగతా చోట్ల. ట్రైలర్ పక్కగోడలో చిన్న తలుపు వెనక బయటి షవరు ఉంటుంది, వేసవిలో బురద కాళ్లు కడగడానికి తప్ప గుర్తుకురాదు. బయటి వంటగది ఉన్న మోడళ్లలో అక్కడ ఇంకో కుళాయి ఉంటుంది. చేతి షవరు గొట్టం చుట్టలు చుట్టుకుని వేలాడితే ఆ వంపులో నీళ్లు నిలుస్తాయి, దాన్ని కిందికి దించి ఖాళీ చేయాలి. టాయిలెట్ పెడల్ నొక్కి అక్కడా గులాబీ రంగు చూడాలి. ఇక ట్రైలర్ కొనగానే మనవాళ్లు చేసే మొదటి మార్పు టాయిలెట్ పక్కన హెల్త్ ఫాసెట్ బిగించుకోవడం. అది ఫ్యాక్టరీలో పెట్టింది కాదు కనుక ఏ పుస్తకంలోనూ దాని ప్రస్తావన ఉండదు, డబ్బు తీసుకుని చేసే మెకానిక్ కూడా దాన్ని చూడకపోవచ్చు. దాని గన్ నొక్కి గులాబీ రంగు వచ్చేదాకా వదలండి. తర్వాత గన్, గొట్టం విప్పి ఇంట్లో పెట్టుకుంటే ఇంకా నిశ్చింత.

అన్నింటికన్నా మొండిది బయటి హోసు తగిలించే చోటు. దాని లోపల నీళ్లు వెనక్కి రాకుండా ఒక చిన్న వాల్వు ఉంటుంది, దాని వెనక చుక్కలు నిలుస్తాయి. పంపు ఆపి, లోపల కుళాయి తెరిచి ఒత్తిడి తీసేశాక, జల్లెడ తొలగించి, ఆ వాల్వు మధ్య భాగాన్ని గుడ్డ చుట్టిన పుల్లతో మెల్లగా నొక్కండి. గులాబీ ద్రవం కొద్దిగా బయటికి వస్తే పని అయినట్టే. ఒత్తిడి ఉండగా నొక్కితే లోపలి ముక్క ఊడి వస్తుంది.

చివరగా ప్రతి సింకు, షవరు తూములో గులాబీ ద్రవం ఒక కప్పు చొప్పున పోయండి. కింద వంపులో ఎప్పుడూ నీళ్లు ఉంటాయి, అవీ గడ్డకడతాయి. టాయిలెట్ గిన్నెలో కొంచెం నిలిపి ఉంచితే సీలు ఎండిపోదు.

కంప్రెసర్‌తో గాలి ఊది నీళ్లు తరిమేసేవారూ ఉన్నారు. ఒత్తిడి 40 పీఎస్‌ఐ (కంప్రెసర్ మీటరు మీద కనిపించే ఒత్తిడి కొలత) దాటనివ్వకపోతే అది మంచి పద్ధతే. కానీ మినియాపొలిస్ జనవరికి గాలి ఒక్కదాన్నే నేను నమ్మను. గాలి ఊదాక గులాబీ ద్రవం కూడా ఎక్కిస్తే అది పలచబడదు, తక్కువ ఖర్చవుతుంది. చలికాలమంతా లోపల హీటర్ వేసి ఉంచితే సరిపోదా అని అడిగేవారున్నారు. గది వెచ్చగా ఉన్నా నేల కింది గొట్టాలకు ఆ వేడి అందదు, గ్యాస్ అయిపోయిన రాత్రి అంతా గడ్డకడుతుంది. కరెంటు హీటర్‌ను మనిషి లేని ట్రైలర్‌లో వదిలి వెళ్లడం అగ్నిప్రమాదానికి పిలుపు.

మే నెలలో

తిరిగి వాడుకలోకి తెచ్చేటప్పుడు మంచినీళ్లు పోసి, కుళాయిలన్నింటిలో నురగ, రంగు పోయేదాకా వదలండి. వాసన లేని బ్లీచ్ 15 గాలన్ల నీటికి పావు కప్పు చొప్పున కలిపి, పైపుల్లోకి ఎక్కించి, కొన్ని గంటలు నిలవనిచ్చి, మళ్లీ కడిగేస్తే తాగడానికి సిద్ధం. కుళాయిలన్నీ మూసి పంపు ఆన్ చేస్తే అది కాసేపటికి ఆగిపోవాలి. ఏ కుళాయీ తెరవకుండానే మధ్యమధ్య దానంతటదే తిరుగుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం, టార్చిలైటు తీసుకుని టాయిలెట్ వెనక నుంచి వెతకడం మొదలుపెట్టండి. ఆనోడ్ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి, ప్రెషర్ వాల్వు మూసి, బైపాస్ వాల్వులు పాత స్థితికి తిప్పి, ట్యాంకు నిండనివ్వండి. వేడినీళ్ల కుళాయిలో గాలి చప్పుడు ఆగి ధార నిలకడగా వచ్చేవరకు హీటర్ స్విచ్ జోలికి వెళ్లకండి.