ఇంగ్లండ్‌లో బడి సెలవుల్లో పిల్లల భోజనం: హాఫ్ (HAF) క్యాంపులో సీటు కావాలంటే ముందు ఏం చేయాలి

ఇంగ్లండ్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర పనిచేస్తాను. సెలవులు దగ్గరపడితే మన తెలుగు తల్లులు గేటు దగ్గర ఆపి అడుగుతారు: "అక్కా, ఆ ఫ్రీ క్యాంపు మా బాబుకి వస్తుందా?" దాని పేరు హాలిడే యాక్టివిటీస్ అండ్ ఫుడ్, అందరూ హాఫ్ అంటారు. 2021 నుంచి ఇంగ్లండ్ అంతటా ఉంది. డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, స్థానిక కౌన్సిళ్లు నడిపిస్తాయి. రిసెప్షన్ నుంచి ఇయర్ 11 దాకా, అంటే నాలుగైదేళ్ల నుంచి పదహారేళ్ల దాకా పిల్లలకు ఈస్టర్, వేసవి, క్రిస్మస్ సెలవుల్లో ఆటపాటలతో పాటు ఒక పూట భోజనం పెడతారు.

క్యాంపు బుక్ చేయడానికంటే ముందు ఫ్రీ స్కూల్ మీల్స్‌కు అప్లై చేయండి. చాలామందికి సీటు పోయేది ఇక్కడే. ఇయర్ 2 (ఆరేడేళ్ల వయసు) దాకా అందరికీ ఉచితంగానే పెడతాం కాబట్టి "మావాడు తింటూనే ఉన్నాడుగా" అని ఫారం నింపరు. ఆ భోజనం హాఫ్ లెక్కలోకి రాదు. లండన్ ప్రైమరీ స్కూళ్లలో అందరికీ పెట్టేదీ అంతే. ఇంటి ఆదాయం చూసి ఇచ్చే ఫ్రీ స్కూల్ మీల్స్ లిస్టులో పేరుండాలి.

వీసా మీద "నో పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వం ఇచ్చే కొన్ని సాయాలు తీసుకోకూడదు) అని ఉందని భయపడకండి. ఫ్రీ స్కూల్ మీల్స్ పబ్లిక్ ఫండ్స్ కిందికి రావు. 2022లో ఇలాంటి కుటుంబాలకూ శాశ్వతంగా అవకాశం ఇచ్చారు. అప్పుడు పెట్టిన పరిమితి లండన్ బయట, ఒక బిడ్డ ఉంటే, పన్ను పోను ఏడాదికి 22,700 పౌండ్లు. ఇద్దరు, అంతకంటే ఎక్కువమంది ఉంటే 26,300. లండన్‌లో ఇంకా ఎక్కువ. కేర్ హోముల్లో పనిచేసేవాళ్లు, చదువుకోవడానికి వచ్చినవాళ్లు తప్పకుండా అడగాలి. పేస్లిప్పులు, వీసా వివరాలు తీసుకుని స్కూల్ ఆఫీసుకు వెళ్లండి. సిగ్గుపడక్కర్లేదు. మా స్కూల్లో ఏ ట్రే ఫ్రీయో, ఏది డబ్బు కట్టిందో వడ్డించే నాకే తెలియదు.

ఒక్క జాగ్రత్త. కౌన్సిల్ విడిగా ఇచ్చే సంక్షేమ సాయం కొన్నిసార్లు పబ్లిక్ ఫండ్ అవుతుంది. సెలవుల వోచర్ ఇస్తామంటే ఏ నిధి నుంచి ఇస్తున్నారో అడిగాకే తీసుకోండి.

పేరు లిస్టులో ఎక్కాక చాలా కౌన్సిళ్లు ఈమెయిల్‌కో ఫోన్‌కో కోడ్ పంపిస్తాయి. స్పామ్ కూడా చూడండి. బుకింగ్ తెరిచిన రోజే చేసేయండి, వంట, ఈత లాంటివి ముందు నిండిపోతాయి. లిస్టులో పేరు రాకపోయినా వదిలేయకండి. హాఫ్ డబ్బులో 15 శాతం దాకా ఇబ్బందుల్లో ఉన్న ఇతర పిల్లలకు వాడే వీలు కౌన్సిళ్లకు ఉంది. ఇంటి పరిస్థితి దాచకుండా రాసి పంపండి.

బుకింగ్ ఫారంలో తిండి గడిలో "వెజిటేరియన్" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. ఇక్కడ గుడ్డు కూడా అందులోనే లెక్క. తినని బిడ్డయితే "గుడ్డు వద్దు, కేకులో కూడా" అని విడమరిచి రాయండి. లేకపోతే ఆకలితో ఇంటికొస్తాడు.

వేసవిలో ఇది మామూలుగా నాలుగు వారాలు, వారానికి నాలుగు రోజులు, రోజుకు నాలుగు గంటలు. సెలవులేమో ఆరు వారాలు. మిగతా రోజులకు ఫుడ్ బ్యాంక్ (ఉచితంగా సరుకులిచ్చే చోటు) రెఫరల్, అంటే అక్కడికి సిఫారసు, కావాలని స్కూల్లో ముందే అడగండి. గురుద్వారా దగ్గర్లో ఉంటే అక్కడి ఉచిత వంటశాల లంగర్‌లో ఎవరికైనా భోజనం పెడతారు.

బుక్ చేసిన రోజు వెళ్లలేకపోతే ముందే క్యాన్సిల్ చేయండి. వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకో బిడ్డకు ఆ పూట భోజనం దొరుకుతుంది.