సెంటు సీసా సంరక్షణ – 4వ పాఠం: ఇంట్లో మందకొడి మూల ఎక్కడుంది?

పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని ఎంతమంది చేశారో గానీ, చేసినవాళ్లకి ఈ పాఠం సగం ముందే తెలిసిపోయి ఉంటుంది. చిన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనమన్నాను. జ్వరం చూసేది కాదు. గదిలో వేడి, గాలిలో తేమ రెండూ చూపిస్తూ, రోజు మొత్తంలో ఎక్కువెంత, తక్కువెంత అని గుర్తుపెట్టుకునే రకం. మీ సెంటు సీసాలు ఇప్పుడు ఎక్కడున్నాయో అక్కడే దాన్ని ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, వేడి ఎక్కువెంత, తక్కువెంత అనే రెండు అంకెలూ రాసుకోమన్నాను. చేయనివాళ్లు ముందు ఇది చదివి తర్వాతైనా చేయండి. ఈ విద్యలో ముక్కుకన్నా ముందు పెన్సిలు పని చేయాలి.

నా లెక్క ముందు చెప్తాను. మాది విశాఖలో, పెదవాల్తేరులో ఒక అపార్ట్‌మెంటు, ఆఖరి అంతస్తు. నెత్తిన స్లాబు, దాని మీద ఎండ. మే నెలలో మూడు చోట్ల చూశాను. పడకగదిలో పడమటి కిటికీ పక్కనున్న డ్రెస్సింగ్ టేబుల్ మీద ఎక్కువ 37 డిగ్రీలు, తక్కువ 24. బట్టల బీరువాలో 34, 27. హాలుకీ వంటగదికీ మధ్య నడవలో ఉన్న చెక్క అలమర, కింది అరలో 31, 29.

చాలామంది మొదటి అంకె చూసి ఆగిపోతారు. 37 చెడ్డది, 31 నయం అని. నిజమే, కానీ నేను చూడమనేది రెండు అంకెల మధ్య దూరం. ఆ దూరం అన్నిటికన్నా తక్కువున్న చోటే నేను చెప్పే మందకొడి మూల. డ్రెస్సింగ్ టేబుల్ దగ్గర 13 డిగ్రీలు, అలమరలో 2. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఆ 24 వల్ల కూడా సీసాకి నష్టమే. అది రాత్రి ఏసీ పుణ్యం.

మా అక్క కూతురు మధురవాడలో ఉంటుంది. మొన్న వేసవిలో ఫోన్ చేసింది.

“పిన్నీ, చల్లగా ఉంటుందని ఏసీ గదిలోనే పెట్టాను. అయినా సగం సీసా పాడైపోయింది.”

“నీ గది పగలు ఎలా ఉంటుందే?”

“పగలు నేను ఆఫీసులో ఉంటాను కదా!”

“నీ సంగతి కాదమ్మా, సీసా సంగతి అడుగుతున్నా.”

అవతల కాసేపు మాట లేదు. పగలంతా తలుపులు, కిటికీలు బిగించిన గది, పడమటి ఎండ. రాత్రి పదింటికి ఏసీ, పొద్దున్న ఏడింటికి కట్టు. ఆ సీసాకి రోజుకో వేసవి, రోజుకో చలికాలం.

సీసా ఊపిరి తీసుకుంటుంది

సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాలే. అది 78 డిగ్రీలకే మరిగిపోతుంది. మన గదులు అంత వేడెక్కవు గానీ, మరగకపోయినా ఆవిరి లేస్తూనే ఉంటుంది. పగలు వేడికి సీసాలోని ద్రవం కాస్త ఉబ్బుతుంది, పైన ఖాళీలో ఉన్న గాలి, ఆవిరి కూడా వ్యాకోచించి పంపు సందుల్లోంచి బయటికి తోసుకుంటాయి. రాత్రి చల్లబడగానే లోపల ఒత్తిడి తగ్గి, బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. పోయేది సుగంధం, వచ్చేది ఆక్సిజన్. ఒక్క రోజులో ఇదేమీ తెలియదు. ఏడాదికి మూడువందల అరవై ఐదు ఊపిర్లు లెక్కేయండి. మూత ఎప్పుడూ తీయకపోయినా “ఎలా తగ్గింది?” అని కొందరు అడిగే సీసాల కథ ఇదే.

వేడికి ఇంకో పని ఉంది. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం ఉజ్జాయింపుగా రెండింతలవుతుందని కాలేజీలో చదువుకున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 27లో నాలుగేళ్లు బతకాల్సిన సెంటు 37లో రెండేళ్లకే ముసలిదవుతుందని స్థూలంగా అనుకోవచ్చు. మరీ కచ్చితమైన లెక్క కాదు, దారి చూపే లెక్క.

ముందు పోయేది నిమ్మ

పాడవడం అంటే మొత్తం ఒకేసారి పోవడం కాదు. సెంటులో ముందు తేలే వాసనలు నిమ్మ, నారింజ, బత్తాయి తొక్క లాంటివి. వాటిలో లిమోనీన్ అనే పదార్థం ఎక్కువ. ఆక్సిజన్ తగిలితే మొదట కూలేది అదే. చందనం, కస్తూరి లాంటి బరువైన వాసనలు మాత్రం మొండివి. సింహాద్రి అప్పన్న ఒంటి మీద చందనాన్ని అక్షయ తృతీయ దాకా ఉంచి ఆ రోజు ఒలుస్తారు. నిమ్మరసం పూసి ఉంటే మర్నాటికి ఏం మిగిలేది? (అప్పన్న క్షమించాలి.)

అందుకే పరీక్ష చేసేటప్పుడు మొదటి పదిహేను సెకన్లు ముఖ్యం. తెల్ల కాగితం ముక్క తీసుకోండి. రెండు నెలలుగా ముట్టని సీసా అయితే ముందు రెండు మూడుసార్లు గాల్లోకి కొట్టి వదిలేయండి. పంపు గొట్టంలో నిలవున్న నాలుగు చుక్కలే చెడి ఉంటాయి, వాటిని చూసి సీసా మొత్తానికి శిక్ష వేయకూడదు. ఆ తర్వాత కాగితం మీద ఒకసారి కొట్టి వెంటనే వాసన చూడండి. అప్పుడే ఒలిచిన నారింజ తొక్క రావాల్సిన చోట గోళ్లరంగు తుడిచే మందు వాసనో, అడుగంటిన నూనె జాడీ వాసనో వస్తే పైపొర పోయింది. ఆ కాగితాన్ని అక్కడే పెట్టి, ఇల్లు ఊడ్చి వచ్చి మళ్లీ చూడండి. అప్పుడు బాగుంటే లోపలి వాసనలు ఇంకా బతికే ఉన్నాయి. అలాంటిదాన్ని చేతిరుమాలు మీద వాడుకోవచ్చు. ఒంటి మీద వద్దు. ఆక్సిజన్‌తో మారిన లిమోనీన్ కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి.

రంగు మారితే మాత్రం కంగారు పడకండి. వనిల్లా ఉన్న సెంట్లు కాలం గడిచేకొద్దీ వాటంతటవే టీ డికాక్షన్ రంగుకి వస్తాయి. తెల్లచీర మీద కొట్టకుండా ఉంటే చాలు.

చోటు వెతకడం

ఇప్పుడు థర్మామీటరు పట్టుకుని ఇల్లు తిరగండి. వెతకాల్సింది ఇంట్లో అందరికన్నా మందకొడి మూల. ఎండ తెలియదు, ఏసీ తెలియదు, పొయ్యి తెలియదు, ఏ మార్పూ ఒక పట్టాన అంటదు. బయటి గోడ ఒక్కటీ లేని చోట ఉంటుంది అది. మామూలు ఫ్లాట్లలో నడవలోని అలమర కింది అర, లేదా లోపలి గది మధ్యగోడకి ఆనించిన చెక్క బీరువా అడుగు. పైఅర ఎప్పుడూ కింది అరకన్నా వేడి, ముఖ్యంగా ఆఖరి అంతస్తువాళ్లకి. అటక మాట ఎత్తొద్దు, స్లాబుకి మూరెడు కింద ఉంటుంది అది.

ఇనప బీరువా గురించి ఒక మాట. మన ఇళ్లలో సెంటు సీసా అసలు చిరునామా అదే, పట్టుచీరల మధ్య. చీకటి ఉంటుంది, బాగుంది. కానీ ఇనుము వేడిని తొందరగా పుచ్చుకుంటుంది, తొందరగా వదిలేస్తుంది. బయటి గోడకి ఆనించి ఉంటే మరీను. పైగా కలరా ఉండలు. సీసాలోకి ఆ వాసన దిగదు గానీ అట్టపెట్టెకీ మూతకీ పడితే ఇంగువ కట్టిన గుడ్డే. పీల్చేటప్పుడు రెండూ కలిసే వస్తాయి. బీరువా తప్ప దారి లేకపోతే లోపల ఒక పాత స్టీలు డబ్బాలో గుడ్డ చుట్టి పెట్టండి.

బాత్‌రూమ్, వంటగది వద్దు. దేవుడి గూడు అసలే వద్దు, ఆల్కహాలు పక్కన దీపం ఏమిటి? కారులో అస్సలు వదలకండి. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటిపోతుంది. ఒత్తిడితో నింపిన డియోడరెంట్ డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది చూడండి, అవి పేలతాయి కూడా.

వెలుతురు సంగతి త్వరగా తేల్చేద్దాం. కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో ఒక రకాన్ని ఆపుతుంది, ఇంకో రకాన్ని దర్జాగా లోపలికి పంపుతుంది. కాబట్టి అద్దంలోంచి పడే ఎండ కూడా ఎండే. బీచ్ రోడ్డు వైపు తూర్పు కిటికీలున్నవాళ్లు పొద్దుటి ఎండ మంచిదంటారు. ఒంటికి మంచిదేమో, సీసాకి కాదు. కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె పారేయకండి. సీసాని అందులోనే ఉంచితే ఈ బెడద తీరింది.

ఉప్పుగాలి

ఇది వేరే ఊరివాళ్లు రాసిన సలహాల్లో కనపడదు. విశాఖలో బాల్కనీ గ్రిల్ ఎలా తుప్పు పడుతుందో మనకి తెలుసు. సీసా మెడ చుట్టూ పంపుని బిగించి పట్టుకునే లోహపు పట్టీ ఉంటుంది కదా, దానికీ అదే గతి. మూత తీసి భూతద్దంతో ఒకసారి చూడండి. ముందు మెరుపు తగ్గి చిన్న చిన్న చుక్కలు పడతాయి, తర్వాత అంచున పొడి లాంటిది చేరుతుంది. పట్టీ పట్టు తప్పితే సీసా ఊపిరి ఇంకా సులువవుతుంది. నెలకోసారి పొడి నూలుగుడ్డతో మెడ తుడవండి, తడిగుడ్డ కాదు. సీసాలు దాచే డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. మర తిప్పి బిగించే మూతలున్న సీసాలకి, ఎక్కువ కాలం దాచేవాటికి, ప్లంబర్లు కుళాయికి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు మూడు చుట్లు మర మీద చుట్టి మూత బిగించండి. హార్డ్‌వేర్ దుకాణంలో పదీ పరకకి దొరుకుతుంది.

సగం ఖాళీ అయిన సీసా

మీరు ఒకసారి కొట్టినప్పుడల్లా బయటికి వెళ్లిన ద్రవం జాగాలోకి అంత గాలి లోపలికి వస్తుంది. నిండు సీసాలో గాలి తక్కువ, సగం సీసాలో సగం గాలే. కాబట్టి ఆఖరి మూడో వంతు అన్నిటికన్నా తొందరగా చెడుతుంది. నేను చేసేది ఇది: నాలుగో వంతు దగ్గరికి వచ్చాక 10 మిల్లీలీటర్ల చిన్న గాజు స్ప్రే సీసాల్లోకి మెడదాకా నింపేస్తాను. ప్లాస్టిక్ వద్దు, వాసన పీల్చుకుంటుంది. మర తిప్పితే వచ్చే పంపు అయితే విప్పి, చిన్న గరాటుతో సన్నగా, సీసా గోడ వెంబడి జారేలా పోయండి. బిగించిన పట్టీ అయితే ఊడబెరకొద్దు. నేనొకసారి పటకారు పెట్టి లాగాను. మెడ పగిలి, ఓ గాజు పెంకు సెంటులో పడింది, నా వేలు తెగింది, ఆ రోజంతా ఇల్లు గుబాళించింది. అలాంటివాటిని ఉన్నచోటే ఉంచి గబగబా వాడేయడం మేలు. దాచుకున్న సెంటు మీద మనకి మమకారం ఎక్కువ. పెళ్లికి, పేరంటానికి అని పెట్టి చివరికి పారబోస్తాం.

ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో ఆస్మోతెక్ అని సుగంధాల భాండాగారం ఉంది, 1990లో మొదలైంది. అక్కడ పాత సెంట్లని 12 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో, సీసాలోని ఖాళీలో గాలికి బదులు, దేనితోనూ చర్య జరపని ఆర్గాన్ వాయువు నింపి దాస్తారు. వేడి, వెలుతురు, గాలి, మూడిటికీ ఒకే దెబ్బ. మనం ఆర్గాన్ తేలేం. చిన్న సీసాని మెడదాకా నింపడం మన ఆర్గాన్.

మరి ఫ్రిజ్?

మా పక్కింటి అత్తయ్యగారు ప్రతి పాఠానికీ అడిగే ప్రశ్న. తప్పేం కాదు. కానీ విశాఖలో ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి నిమిషంలో చెమట పడుతుంది. రోజూ తీసి పెట్టేదైతే అట్టపెట్టె మెత్తబడుతుంది, లోహపు పట్టీకి తడి. నాలుగైదు నెలలు ముట్టని సీసాలకే ఫ్రిజ్. గాలి చొరని డబ్బాలో, తలుపు అరలో కాకుండా అడుగు అరలో పెట్టండి. తలుపు తీసినప్పుడల్లా ముందు వేడెక్కేది తలుపు అరే. డీప్ ఫ్రిజ్‌లో పెట్టకండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నా సీసాలు కొన్ని ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఎన్నో రోజులు కరెంటు లేదు. ఫ్రిజ్‌లో పెరుగు, కూరలు, చేపలు కుళ్లాయి, సెంట్లు ఏమీ కాలేదు. నెమ్మదిగా గది వేడికి వచ్చాయి అంతే. నెమ్మదిగా జరిగే మార్పుని సెంటు ఓర్చుకుంటుందని అప్పుడు తెలిసింది. డబ్బాలకి పట్టిన కుళ్లిన చేపల వాసన పోగొట్టడానికి మాత్రం నిమ్మచెక్కలు, సోడా ఉప్పు పెట్టి పది రోజులు తంటాలు పడ్డాను.

వచ్చే పాఠం లోపు చేయాల్సింది

మీ మందకొడి మూల కనిపెట్టి, అక్కడి రెండు అంకెలూ రాసుకోండి. తేడా 4 డిగ్రీల లోపు ఉంటే సీసాలు అక్కడికి మార్చేయండి. 4 దాటితే ఆ చోట ఒక అట్టపెట్టె, దానిలో గుడ్డ చుట్టిన స్టీలు డబ్బా పెట్టి, థర్మామీటరుని డబ్బా లోపల ఉంచి మళ్లీ చూడండి. గుడ్డ ఎంత పని చేస్తుందో మీకే తెలుస్తుంది. ప్రతి సీసా అడుగున కాగితపు టేపు ముక్క అంటించి, తెరిచిన నెల రాయండి. పెట్టె మీద తెరిచిన మూత బొమ్మలో 36 ఎం అని ఉంటే అది తెరిచాక 36 నెలలని అర్థం. మీ టేపు లేకపోతే ఆ అంకె ఉన్నా లేనట్టే.

వచ్చే పాఠం అత్తర్లు, పన్నీరు. ఆల్కహాలు లేని సరుకు కాబట్టి ఇక్కడ చెప్పినవాటిలో సగం అక్కడ చెల్లవు. ఇంట్లో పన్నీరు సీసా ఉంటే అప్పటిదాకా ఫ్రిజ్‌లో పెట్టండి, దాని పక్కన ఎండుచేపలు పెట్టకండి.