బాండు కొన్నదెవరు, సొమ్ము చేరిందెక్కడికి? ఎలక్టోరల్ బాండ్ల జాబితాలను జతచేసే పద్ధతి

ఎలక్టోరల్ బాండ్లంటే పార్టీలకు విరాళమివ్వడానికి బ్యాంకులో కొన్న పత్రాలు. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఈ పథకాన్ని కొట్టేశాక ఎన్నికల సంఘం మార్చి 14న పెట్టిన జాబితాల్లో బాండు నంబర్లు లేవు. అవి పక్కనపెట్టి మార్చి 21 నాటి రెండు పీడీఎఫ్‌లు తీసుకోండి. ఒకదాంట్లో కొన్నవాళ్లు, రెండోదాంట్లో సొమ్ము చేసుకున్న పార్టీలు ఉంటాయి.

ఎక్సెల్‌లోకి మార్చగానే వరసలు లెక్కపెట్టండి. కొన్నవి 18,871, సొమ్ము చేసుకున్నవి 20,421 ఉండాలి. తగ్గాయంటే పేజీ మారేచోట ఏదో జారిపోయినట్టే. కొన్నవాటికన్నా మార్చుకున్నవి ఎక్కువెలా అయ్యాయంటారా? జాబితా 2019 ఏప్రిల్ 12న మొదలవుతుంది, బాండు గడువు 15 రోజులు. అంతకు కాస్త ముందు కొన్నవాటిని ఆ తర్వాత మార్చుకున్నారు. వాటికి జత దొరకదు, అంచనాతో పూరించొద్దు.

అసలు తప్పులు జరిగేది నంబర్ల దగ్గరే. కోటి బాండుకు ఓసీ, 10 లక్షలదానికి టీఎల్, లక్షదానికి ఓఎల్ అని ముందు అక్షరాలుంటాయి. వాటిని వదిలేసి ఉత్త నంబరుతో వెతికితే ఒకరి కోటి బాండు ఇంకొకరి లక్ష బాండుకు జతపడుతుంది. అక్షరాలు, నంబరు ఒకే గడిలో కలిపి వీలుకప్ (VLOOKUP, ఒక జాబితాలోది రెండోదాంట్లో వెతికిపెట్టే ఎక్సెల్ సూత్రం) నడపండి. తర్వాత రెండువైపులా విలువ ఒకటేనా, మార్చుకున్న తేదీ గడువులో ఉందా చూడండి.

కంపెనీ పేర్లు మరో తలనొప్పి. ‘లిమిటెడ్’ మధ్యలో ఖాళీ వచ్చినా ఎక్సెల్‌కు అది వేరే కంపెనీయే. పేర్లన్నీ ఒకేలా సవరించాకే మొత్తం కట్టండి. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ పేరిట 966 కోట్లున్నాయి. దాని అనుబంధ సంస్థ వెస్టర్న్ యూపీ పవర్ ట్రాన్స్‌మిషన్ కొన్న 220 కోట్లు ఇందులో కలవవు. ఇలాంటి బంధుత్వాలను కార్పొరేట్ వ్యవహారాల శాఖ రికార్డుల్లో చూసుకోవాలి.

విరాళం తేదీ పక్కన టెండరు తేదీ కనబడగానే ‘లంచం’ అని రాసేయకండి. రెండు తేదీలూ ఉన్నదున్నట్టు రాసి, కంపెనీకీ పార్టీకీ ప్రశ్నలు రాతపూర్వకంగా పంపి, జవాబుకు కనీసం రెండు రోజులివ్వండి.

టెండరు కాగితాలకు ఆర్టీఐ వేయండి. కేంద్ర శాఖలకు రుసుము 10 రూపాయలు, దరఖాస్తు 500 పదాల లోపు, జవాబుకు గడువు 30 రోజులు. ‘ఈ కంపెనీకే ఎందుకిచ్చారు’ అనడిగితే తిప్పికొడతారు. టెండరు నంబరు వేసి, బిడ్ల పోలిక పట్టిక, ఫైలు నోటింగుల (ఫైలుపై అధికారులు రాసిన అభిప్రాయాల) నకళ్లు అడగండి.