ఇండియా టైప్ రేటింగ్‌ను ఐరోపా లైసెన్సు మీదికి ఎక్కించుకోవడం: దరఖాస్తు ఎక్కడ ఆగుతోంది

మా తోడల్లుడి కొడుకు ఇక్కడ ఏ320 మీద కోపైలట్‌గా పద్దెనిమిది వందల గంటలు ఎగిరాడు. ఐరోపాలో స్థిరపడాలని ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి అక్కడి పరీక్షలకు కూర్చున్నాడు. అన్నీ పాసయ్యాక తన టైప్ రేటింగ్‌ను, అంటే ఆ రకం విమానం నడపడానికి లైసెన్సులో ఉండే అనుమతిని, ఐరోపా లైసెన్సులో చేర్చమని దరఖాస్తు పెడితే తిరిగొచ్చింది. గంటలు సరిపోయాయి, లాగ్‌బుక్ సరిగానే ఉంది, ఇండియా రేటింగ్ మాత్రం అప్పటికి చెల్లుబాటులో లేదు. "ముందు పరీక్షలు కానివ్వు, నీ రేటింగ్ ఎక్కడికీ పోదు" అని డబ్బు పుచ్చుకున్న మధ్యవర్తి ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. మరొకరికి ఇలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

మొదట తెలియాల్సింది, పైలట్లకు లైసెన్సు ఇచ్చేది కొలోన్‌లోని ఈయాసా (ఐరోపా విమానయాన భద్రతా సంస్థ) కాదు, సభ్యదేశాల విమానయాన సంస్థలు. ఐర్లండ్, ఆస్ట్రియా, మాల్టా, జర్మనీ, ఇలా ఏదో ఒక దేశాన్ని ఎంచుకోవాలి. ఆ లైసెన్సు మిగతా సభ్యదేశాల్లోనూ చెల్లుతుంది. "ఈయాసా నుంచి నేరుగా తెప్పిస్తాను" అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. దేశం ఎంచుకున్నాకే క్లాస్ 1 మెడికల్ (వాణిజ్య పైలట్లకు కావలసిన వైద్య పరీక్ష) చేయించుకోండి, ఎందుకంటే మెడికల్ రికార్డూ లైసెన్సూ ఒకే సంస్థ దగ్గర ఉండాలి. మొదటి క్లాస్ 1 మామూలు డాక్టరు దగ్గర కాదు, ఐరోపా గుర్తింపు ఉన్న ఏరోమెడికల్ సెంటర్‌లోనే చేస్తారు. బ్రిటన్ ఈ లెక్కలో లేదు. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ లైసెన్సు కూడా మన దేశపు విమానయాన సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సులాగే బయటి దేశపు లైసెన్సు.

ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు) థియరీ 13 పేపర్లు. ఒక్కోదానిలో 75 శాతం రావాలి. మొదటి పేపరు రాసిన నెల చివరి నుంచి 18 నెలల్లో అన్నీ ముగించాలి. ఇంగ్లిష్ స్థాయి కనీసం 4 ఉండాలి. ఇవన్నీ చాలామంది బాగానే దాటేస్తారు. తడబడేది దీని తర్వాతే.

బయటి దేశాల లైసెన్సుల గురించిన ఐరోపా నియమం నంబరు 2020/723. దాని ప్రకారం మీ రేటింగ్‌ను ఐరోపా లైసెన్సులో చేర్చాలంటే విమానాల విషయంలో ఆ టైపు మీద పైలట్‌గా కనీసం 500 గంటలు ఉండాలి. ఈమధ్య వరకూ ఎగురుతూ ఉండి ఉండాలి, ఆ రేటింగ్‌కు ఐరోపా అడిగే ముందస్తు అర్హతలు ఉండాలి, ఎగ్జామినర్ ముందు నడిపి చూపే స్కిల్ టెస్ట్ పాసవ్వాలి. వీటన్నిటికంటే ముందు, ఆ నియమంలోని వాక్యం మొదట్లోనే ఒక మాట ఉంది: మీ దేశపు లైసెన్సులో ఉన్న ఆ రేటింగ్ "చెల్లుబాటులో" ఉండాలి. చిన్న మాట కాబట్టి కన్ను దాని మీదుగా జారిపోతుంది.

మన దగ్గర 2023లో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు), ఏటీపీఎల్ గడువును ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచారు. లైసెన్సు మీద దూరంగా ఉన్న ఆ తేదీ చూసి రేటింగ్ కూడా అంతవరకు బతికే ఉంటుందనుకుంటారు. కాదు. ఆ విమానం నడిపే హక్కు ఆరు నెలలకోసారి ఇచ్చే పీపీసీ (పైలట్ ప్రొఫిషియెన్సీ చెక్ అనే నైపుణ్య పరీక్ష) మీద నిలబడి ఉంటుంది. ఉద్యోగం మానేశాక పీపీసీ ఎవరు చేయిస్తారు? పదమూడు పేపర్లు అయ్యేసరికి ఏడాది గడుస్తుంది, రేటింగ్ చేజారుతుంది. అప్పుడు రెండే దారులు: మళ్లీ ఇక్కడికొచ్చి చెల్లుబాటు చేయించుకోవడం, లేదంటే ఐరోపాలో టైప్ రేటింగ్ కోర్సు మొత్తం డబ్బు కట్టి చేయడం.

ఏటీపీఎల్ ఉన్నవాళ్లకు దెబ్బ ఇంకా పెద్దది. ఏటీపీఎల్‌కు కావలసిన అనుభవమంతా ఉండి, స్కిల్ టెస్ట్ ఇవ్వబోయే విమానం రేటింగ్ చెల్లుబాటులో ఉంటే, థియరీ పరీక్షలకూ స్కిల్ టెస్ట్‌కూ ముందు చేయాల్సిన శిక్షణ కోర్సు నుంచి పూర్తి మినహాయింపు ఇవ్వవచ్చు. రేటింగ్ పోతే ఆ మినహాయింపూ పోతుంది.

కాబట్టి ఉద్యోగంలో ఉండగానే, సెలవులు పెట్టుకుంటూ పేపర్లు రాయండి. కష్టమే, కాని చాలామంది అలాగే చేశారు. స్కిల్ టెస్ట్ తేదీని తాజా పీపీసీ గడువు లోపల పడేలా చూసుకోండి. రాజీనామా ఆఖరి మెట్టు.

గంటల గురించి కొంత ధైర్యం చెప్పాలి. కోపైలట్‌గా ఎగిరినవి కూడా ఆ 500లో లెక్కే, కెప్టెన్ గంటలే కావాలని లేదు. సిమ్యులేటర్ గంటలు, జంప్ సీట్లో (కాక్‌పిట్‌లోని అదనపు సీటు) కూర్చున్న గంటలు మాత్రం కలపకండి. 470 ఉంటే 470 అనే రాయండి, ఇంకో నెల ఎగిరి దరఖాస్తు పెట్టండి. లాగ్‌బుక్‌లో టైపుల వారీగా మొత్తాలు వేరుగా వేసి, అదే సంఖ్య మీ ఎయిర్‌లైన్ లెటర్‌హెడ్ మీద కూడా ఉండేలా చూసుకోండి. రెండింటికీ తేడా వస్తే ఫైలు పక్కకు పెడతారు.

లైసెన్సు నిజమైనదేనని ధృవీకరణ డీజీసీఏ నుంచి నేరుగా ఐరోపా సంస్థకే చేరాలి. మీ చేతికో ఏజెంటు చేతికో వచ్చిన కవరు పనికిరాదు. ఏజెంట్లు ఎక్కువగా డబ్బు గుంజేది ఇక్కడే, నిజానికి దరఖాస్తు పెట్టాల్సింది మీరే. దీనికి సమయం పడుతుంది కనుక పేపర్లు రాస్తుండగానే మొదలుపెట్టండి.

స్కిల్ టెస్ట్‌కు సిమ్యులేటర్ బుక్ చేసేముందు రెండు అడగండి: ఆ యంత్రానికి ఐరోపా అర్హత పత్రం ఉందా, ఎగ్జామినర్‌కు ఆ టైపు మీద ఐరోపా ఎగ్జామినర్ సర్టిఫికెట్ ఉందా. ఆ ఎగ్జామినర్ తమకు సమ్మతమేనని లైసెన్సు ఇచ్చే సంస్థతో మెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

500 గంటలు లేనివాళ్లకు ఈ దారి లేదు. వాళ్లు ఐరోపా గుర్తింపున్న శిక్షణ సంస్థలో కోర్సు చేయాలి. ఇద్దరు పైలట్ల విమానంపై అది మొదటి రేటింగ్ అయితే ఎంసీసీ (ఇద్దరు పైలట్లు కలిసి పనిచేయడం నేర్పే కోర్సు), మూడు గంటల ఎగిరే శిక్షణ ఉండే అడ్వాన్స్‌డ్ యూపీఆర్టీ (విమానం అదుపు తప్పకుండా చూసుకోవడం, తప్పితే తిరిగి నిలబెట్టడం నేర్పే శిక్షణ) కూడా అడుగుతారు.

రేటింగ్ ఎక్కాక దాని గడువు ఒక ఏడాదే. గడువుకు ముందు మూడు నెలల్లో ప్రొఫిషియెన్సీ చెక్ చేయించుకోవాలి. ఆ తేదీ లైసెన్సు మీద సరిగా పడిందో లేదో కవరు తెరిచిన రోజే చూసుకోండి.