సాకెట్ సరిపోయింది, ప్రాసెసర్ మాత్రం పలకడం లేదు: పాత డెస్క్‌టాప్ అప్‌గ్రేడ్ చిక్కులు

కొత్త ప్రాసెసర్ మదర్‌బోర్డు సాకెట్‌లో కూర్చుంది కాబట్టి పనిచేస్తుందనుకోవడం దగ్గరే చాలా అప్‌గ్రేడ్‌లు చెడిపోతాయి. సాకెట్ తర్వాత చిప్‌సెట్ (బోర్డు మీద మిగతా భాగాలను నడిపించే చిప్) ఒప్పుకోవాలి, బయోస్‌కు (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) ఆ ప్రాసెసర్ ఎవరో తెలిసి ఉండాలి. ఇక్కడ ఉదాహరణగా ఎక్కువగా కనిపించే జోడీనే తీసుకుందాం: ఇంటెల్ ఎల్‌జీఏ 1155 సాకెట్, హెచ్61 చిప్‌సెట్ ఉన్న బోర్డు, అందులో ఐ3-2100 తీసి ఐ7-3770 పెట్టడం.

సమస్య: ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు

ముందు చూడాల్సింది సాకెట్ పక్కనుండే 4 పిన్నుల పవర్ కనెక్టర్. కూలర్ బిగించేటప్పుడు అడ్డమని తీసి, మళ్లీ పెట్టడం మరిచిపోతారు. బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్ ఒక్కటి ఉన్నా ఫ్యాన్లు తిరుగుతాయి, కానీ ప్రాసెసర్‌కు కరెంటు అందదు.

అది సరిగానే ఉంటే అసలు అనుమానం బయోస్ మీదే. ఐ3-2100 శాండీ బ్రిడ్జ్ తరం, 2011 నాటిది. ఐ7-3770 ఐవీ బ్రిడ్జ్, 2012లో వచ్చింది. రెండింటికీ సాకెట్ ఒకటే అయినా, ముందే తయారైన హెచ్61 బోర్డు పాత బయోస్‌కు ఐవీ బ్రిడ్జ్ తెలియదు. కొన్ని బోర్డులకు బయోస్‌తో పాటు ఎంఈ ఫర్మ్‌వేర్‌ను (చిప్‌సెట్‌లో విడిగా నడిచే ఇంటెల్ ప్రోగ్రాం) కూడా 7 నుంచి 8వ వెర్షన్‌కు మార్చాలి. తయారీదారు పేజీలో ఏది ముందు, ఏది తర్వాత అని రాసి ఉంటే ఆ వరుస తప్పకండి. క్యూ67, క్యూ65, బీ65 చిప్‌సెట్‌లకు ఐవీ బ్రిడ్జ్ అధికారిక మద్దతు లేదు. వాటిలో శాండీ బ్రిడ్జ్ ఐ7-2600 దగ్గర ఆగడమే మంచిది.

పరిష్కారం: పాత ప్రాసెసర్ మళ్లీ పెట్టి బూట్ చేయండి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బోర్డు మోడల్, బయోస్ వెర్షన్ కనిపిస్తాయి. బోర్డు రివిజన్ నంబరు మాత్రం బోర్డు మీదే చూడాలి, సాధారణంగా ఏదో ఒక మూల అచ్చు వేసి ఉంటుంది. ఒకే మోడల్‌కు రివిజన్ మారితే బయోస్ ఫైల్ కూడా మారవచ్చు, వేరేది ఎక్కిస్తే బోర్డు లేవదు. ఫైల్‌ను ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో వేసి, బయోస్‌లోనే ఉండే ఫ్లాష్ టూల్‌తో ఎక్కించండి. మధ్యలో కరెంటు పోకూడదు కాబట్టి యూపీఎస్ ఉంటే మేలు. అయ్యాక బయోస్‌లో డిఫాల్ట్స్ లోడ్ చేసి, ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని 5 నిమిషాలు తీసి ఉంచండి. బ్యాటరీ తిరిగి పెట్టాకే కొత్త ప్రాసెసర్ పెట్టండి.

ఏఎండీ ప్రాసెసర్ల సాకెట్ ఏఎం4 ఉన్న బోర్డుల్లో ఒక మెలిక ఉంది. 16 ఎంబీ బయోస్ చిప్‌లో చోటు చాలక, కొత్త రైజెన్‌ల కోసం విడుదలైన కొన్ని బయోస్‌లలో పాత ఏ-సిరీస్ ప్రాసెసర్లను తీసేశారు. అప్‌డేట్ అయ్యాక పాతది పెడితే డిస్‌ప్లే రాకపోవచ్చు. ఎక్కించే ముందే ఆ వెర్షన్ వివరణ చదవండి.

బయోస్ కొత్తదే, అయినా డిస్‌ప్లే లేదంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉందో లేదో చూడండి. ఐ5-3350పీ, జియాన్ ఈ3-1230 వీ2 లాంటివాటిలో ఉండదు. వేరే గ్రాఫిక్స్ కార్డు పెట్టాల్సిందే. చవగ్గా దొరికే జియాన్ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్) కోసం వెళ్లేవాళ్లు తరచూ ఇక్కడే చిక్కుకుంటారు. ఈ3-1245 వీ2లో మాత్రం గ్రాఫిక్స్ ఉంది.

తర్వాత వచ్చిన ఇంటెల్ సాకెట్ ఎల్‌జీఏ 1151 ఇంకా మోసకారి. 6000, 7000 సిరీస్‌ ప్రాసెసర్లు 100, 200 సిరీస్ చిప్‌సెట్‌లకు. 8000, 9000 సిరీస్‌లు 300 సిరీస్‌కు. ప్రాసెసర్ రెండింట్లోనూ కూర్చుంటుంది, కానీ తప్పు జోడీకి బయోస్ అప్‌డేట్ ఏ పరిష్కారమూ చూపదు.

సమస్య: 8 జీబీ ర్యామ్‌లో 4 మాత్రమే కనిపిస్తోంది

ఒక ర్యామ్ స్లాట్ చచ్చిపోయినట్టు కనిపిస్తుంది గానీ, తప్పు చాలాసార్లు సాకెట్ పిన్నులదే. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కనుక, ఒక పిన్ను వంగినా ఒక చానల్ (ర్యామ్‌కు వెళ్లే దారి) పోవచ్చు. ప్లగ్ పీకి, ప్రాసెసర్ తీసి, ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా పట్టి చూడండి. పిన్నులన్నీ ఒకే వైపు వంగి వరసల్లో మెరుస్తాయి. ఎక్కడ ఆ మెరుపు తెగిందో అక్కడే తేడా. సన్నటి సూది మొనతో కొంచెం కొంచెంగా పక్క పిన్నుల వరసకు తెండి. ఒకేసారి లాగితే విరుగుతుంది. పిన్నులు బాగుంటే ర్యామ్‌నే స్లాట్లు మార్చి చూడండి.

సమస్య: కాసేపు నడిచి ఆగిపోతోంది

ఐ3-2100 టీడీపీ (కూలర్ తట్టుకోవాల్సిన వేడి లెక్క) 65 వాట్లు, ఐ7-3770ది 77, ఐ7-2600ది 95. కండిషన్‌లో ఉన్న పవర్ సప్లైకి ఈ తేడా పెద్ద లెక్క కాదు, కానీ ఐ3తో వచ్చిన పల్చటి అల్యూమినియం కూలర్‌కు బరువే. మధ్యలో రాగి దిమ్మ ఉన్న కూలర్ తీసుకోండి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పాత థర్మల్ పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది వేస్తే చాలు.

లోడ్ పెట్టిన వెంటనే 90 డిగ్రీలు దాటుతోందంటే కూలర్ సరిగా కూర్చోలేదు. ఇంటెల్ పుష్ పిన్నుల తలలను ముందు బాణం గుర్తుకు ఎదురు దిశలో తిప్పి, అప్పుడు ఎదురెదురు మూలలు చొప్పున టిక్‌మనే దాకా నొక్కాలి. బోర్డు వెనక తెల్లటి పాయలు రెండూ బయటికొచ్చి, నడుమ నల్ల పిన్ను కనిపిస్తేనే పట్టినట్టు.

ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. కూలర్‌ను నేరుగా లాగితే ప్రాసెసర్ కూడా దాంతో పాటు ఊడొస్తుంది. ముందు కొన్ని నిమిషాలు సిస్టమ్ నడిపి పేస్ట్‌ను వేడెక్కించండి. ఆఫ్ చేసి ప్లగ్ పీకాక కూలర్‌ను అటూ ఇటూ కాస్త తిప్పి పైకి తీయండి.

సమస్య: అన్నీ సరిగానే ఉన్నాయి, స్పీడే పెరగలేదు

2 కోర్ల నుంచి 4 కోర్లు, 8 థ్రెడ్లకు వెళ్తే తేడా తెలుస్తుంది. ఐ5-2400 తీసి ఐ5-3470 పెట్టడం మాత్రం శ్రమ దండగ. హెచ్61 మీద పేరు చివర కే అక్షరం ఉన్న ప్రాసెసర్‌కు అదనంగా డబ్బు పెట్టకండి, ఆ చిప్‌సెట్ మల్టిప్లయర్ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గుణకం) పెంచనివ్వదు. సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ మూత మీద మోడల్ నంబరు బదులు ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే అది టెస్టింగ్ శాంపిల్, వదిలేయండి.

వీటికన్నా ముందు, సిస్టమ్ మొరాయిస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ 100 శాతం ఉండి సీపీయూ 20 దగ్గరే తిరుగుతోందంటే మీకు కావాల్సింది కొత్త ప్రాసెసర్ కాదు, హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ.