కొలత టేపుతో రెండు మీటర్ల బ్యాండ్ యాగీ

హ్యామ్ రేడియోలో (లైసెన్సున్న ఔత్సాహికుల రేడియో) మొదటిసారి దిశా యాంటెన్నా, అంటే ఒకే వైపు గురిపెట్టేది, చేసుకునేవాళ్లకు స్టీలు కొలత టేపు యాగీని మించింది లేదు. మూడే ఎలిమెంట్లు, అంటే పైపుకు అడ్డంగా బిగించే టేపు ముక్కలు. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, బయటికి తీయగానే అవే నిటారుగా నిలుస్తాయి. డైపోల్ (రెండు ముక్కల మామూలు యాంటెన్నా) కన్నా సుమారు 5 డెసిబెల్లు ఎక్కువ గెయిన్ ఉంటుంది. అంటే గురిపెట్టిన వైపు మీ రేడియో 5 వాట్లు 15 వాట్ల పని చేస్తాయి.

25 మి.మీ. వెడల్పు టేపు, మీటరు పొడవు అరంగుళం పీవీసీ పైపు, దాని జాయింట్లు రెండు క్రాసులు, ఒక టీ, ఆరు హోస్ క్లాంపులు, రెండు మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ (మధ్యలో కోర్ తీగ, చుట్టూ లోహపు జాలీ ఉండేది) కావాలి. టేపు 5 మీటర్లది తీసుకోండి. ఎలిమెంట్లకు 2.9 మీటర్లు చాలు గానీ, 3 మీటర్ల టేపులో కొక్కెం ఉన్న ముక్క తీసేస్తే ఒక్క కోత తప్పినా ఇక మిగలదు.

వెనక ఉండే రిఫ్లెక్టర్ 1051 మి.మీ., గురిపెట్టే వైపు ఉండే డైరెక్టర్ 892 మి.మీ. మధ్యలో వచ్చే, కేబుల్ కలిపే డ్రివెన్ ఎలిమెంట్ రెండు ముక్కలు, వాటి మధ్య 25 మి.మీ. ఖాళీ. ఒక్కో ముక్క 451 మి.మీ. ఉంటే 146.5 మెగాహెర్ట్జ్ దగ్గర కుదురుతుంది. మీరు మాత్రం 460కి కోసుకోండి, తర్వాత తగ్గించవచ్చు. రిఫ్లెక్టర్ నుంచి డ్రివెన్‌కు 203, అక్కడి నుంచి డైరెక్టర్‌కు 317 మి.మీ. ఈ దూరాలు ఎలిమెంటు మధ్య నుంచి ఎలిమెంటు మధ్యకు. పైపునే ఆ కొలతకు కోస్తే ఫిట్టింగుల వల్ల దూరం పెరిగిపోతుంది. కోసిన అంచులు బ్లేడులా ఉంటాయి, మూలలు గుండ్రంగా కత్తిరించి ఇన్సులేషన్ టేపు చుట్టండి. సన్నటి కడ్డీలు వాడితే ఈ కొలతలు పనికిరావు. వెడల్పు తగ్గితే పొడవు పెరగాలి.

అసలు పనంతా ఫీడ్ దగ్గరే, అంటే కేబుల్ డ్రివెన్‌కు కలిసే చోట. టేపు మీది పెయింటును మెరిసే స్టీలు కనబడేదాకా ఉప్పుకాగితంతో గీకి, ఫ్లక్స్ రాసి, 60 వాట్లకు తగ్గని సోల్డరింగ్ ఐరన్‌తో ముందు పల్చగా సోల్డర్ పూత పూయండి. సోల్డర్ గుండ్రంగా పూసలా దొర్లిపోతోందంటే పెయింటు ఇంకా ఉందనో, వేడి చాలలేదనో అర్థం. ఈ ఎలిమెంటు ఇంపీడెన్స్ (రేడియో కరెంటుకు చూపే అడ్డు) కేబుల్‌కు సరిపడే 50 ఓమ్‌ల కన్నా బాగా తక్కువ. దాన్ని పైకి తేవడానికి 127 మి.మీ. రాగి తీగను 19 మి.మీ. ఎడంతో యూ ఆకారంలో వంచి, రెండు ముక్కలకూ చెరో కొస అతికించండి. కేబుల్ కోర్ ఒక ముక్కకు, జాలీ రెండోదానికి. ఇప్పుడు మల్టీమీటర్ పెడితే షార్ట్ చూపిస్తుంది. కంగారుపడి విప్పేయకండి, యూ తీగ ఉన్నంతకాలం అలాగే చూపిస్తుంది.

డ్రివెన్ వెనకాలే కేబుల్‌ను పైపు మీద 8 చుట్లు దగ్గరదగ్గరగా చుట్టి కట్టేయండి. ఇది లేకపోతే జాలీ బయటి వైపు కూడా కరెంటు పారి, కేబులే యాంటెన్నాలో భాగమవుతుంది. చేత్తో తాకినప్పుడల్లా ఎస్‌డబ్ల్యూఆర్ (శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, 1కి దగ్గరుంటే మంచిది) మారుతుంటే కారణం చాలావరకు ఇదే.

ట్యూనింగ్ ఆరుబయట, గోడలకు దూరంగా చేయండి. ఎస్‌డబ్ల్యూఆర్ కనిష్ఠం కావలసిన ఫ్రీక్వెన్సీకి కింద ఉంటే డ్రివెన్ ముక్కలు రెండింటినీ 3 మి.మీ. చొప్పున సమానంగా తగ్గించండి. కనిష్ఠం సరైన చోటే ఉన్నా 1.5కి దిగకపోతే యూ తీగ కాళ్లను కొద్దిగా దగ్గరికో దూరానికో జరపండి. ట్రాన్స్‌మిట్‌కు లైసెన్స్ తప్పనిసరి, ఆ సమయంలో ఎలిమెంట్ల కొసలు ముట్టుకోకండి.

ఎఫ్ఎమ్ రిపీటర్లకు (అందిన సంకేతాన్ని తిరిగి ప్రసారం చేసే స్టేషన్లు) ఎలిమెంట్లు నిలువుగా ఉండాలి, అడ్డంగా పట్టుకుంటే 20 డెసిబెల్ల దాకా పోవచ్చు. నిలువుగా బిగించేటప్పుడు ఇనుప గొట్టాన్ని ఎలిమెంట్ల మధ్యకు రానీయకండి. రిఫ్లెక్టర్ వెనక పైపును పొడిగించి అక్కడే పట్టు ఇవ్వండి, కేబుల్ కూడా అటునుంచే దిగాలి.