జునిపర్ మొక్క నాటే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పక్షులకూ చిన్న ప్రాణులకూ నీడగా ఉండాలని తోటలో జునిపర్ అనే, సూదుల్లాంటి లేదా పొలుసుల్లాంటి ఆకులతో ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టును నాటదలచినవారు ముందుగా గ్రహించవలసింది, ఇది మెల్లగా పెరిగే చెట్టని. నాటిన రోజు జరిగిన పొరపాటు కొన్నేళ్లకు గానీ బయటపడదు. అప్పుడు పెకలించి మరోచోట పెడదామంటే చెట్టు బతకడం కష్టం.

నర్సరీలలో జునిపర్ పేరుతో దొరికేవాటిలో అలంకరణ రకాలే ఎక్కువ. అందువల్ల తమ ప్రాంతంలో సహజంగా పెరిగే జాతి ఏదో తెలుసుకొని, అక్కడి విత్తనం నుంచి పెంచిన మొక్కనే అడగాలి. ఉత్తరార్ధగోళమంతటా విస్తరించిన జునిపెరస్ కమ్యూనిస్ అనే జాతి అయితే, సూదుల్లాంటి ఆకులు మూడేసి చొప్పున గుత్తులుగా ఉంటాయి, ఒక్కో ఆకు లోపలివైపు ఒకే తెల్లని చార కనిపిస్తుంది. సబీనా అనే జాతి విషపూరితం కనుక పిల్లలు తిరిగే చోట వద్దు. అడవిలోని మొక్కను తవ్వి తేవడం అంతకంటే పెద్ద తప్పు.

కమ్యూనిస్ జాతిలో సాధారణంగా ఆడ, మగ చెట్లు వేరువేరు. విత్తనం నుంచి వచ్చిన మొక్క ఆడదో మగదో పూతకు వచ్చేదాకా తెలియదు, కాబట్టి రెండూ ఉండేలా, స్థలం ఉంటే నాలుగైదు మొక్కలు నాటడమే మేలు. పక్షులు తినే కాయలు నిజానికి కండపట్టిన శంకువులు, అంటే పైన్ చెట్టుకు ఉండేలాంటి విత్తనాల కోన్‌లు. కమ్యూనిస్‌లో అవి రెండో ఏటో మూడో ఏటో నీలి నలుపు రంగుకు తిరుగుతాయి. ఒకే కొమ్మ మీద పచ్చివీ పండినవీ పక్కపక్కనే కనిపిస్తే అది తెగులని భ్రమపడి కోసేయకూడదు.

అన్నిటికంటే ఎక్కువ మొక్కలను చంపేది నీళ్లేనని నా అభిప్రాయం. ఎండ బాగా తగిలే, నీరు నిలవని చోటే ఎంచుకోవాలి. గుంట తవ్వి నీళ్లు నింపి చూసి, అవి చాలాసేపు ఇంకకపోతే ఆ చోటు వదిలేయాలి. తడి నేలలో ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి వేర్లను కుళ్లబెడుతుంది. బ్రిటన్‌లో దానిలోని ఆస్ట్రోసెడ్రీ అనే రకం సహజ జునిపర్ పొదలను తీవ్రంగా దెబ్బతీసింది. ఇది మట్టితోనే ప్రయాణిస్తుంది కనుక వేరే తోటలో వాడిన పార, బూట్లు కడిగి తుడిచాకే పనిలోకి దిగాలి. కుండీలో చుట్టలు చుట్టుకున్న వేర్లను విడదీసి, కాండం మొదలు నేలమట్టానికి ఉండేలా నాటాలి. లోతుగా పూడ్చినా, మొదలు చుట్టూ ఆకులు పోగుచేసినా కుళ్లు పట్టవచ్చు.

దగ్గరలో యాపిల్ చెట్లుంటే మరోసారి ఆలోచించాలి. కొన్ని జాతుల జునిపర్ మీద వసంతపు వానల్లో నారింజ రంగు జిగురు కొమ్ముల్లా పుట్టుకొచ్చే తుప్పు తెగులు, గాలి ద్వారా యాపిల్ ఆకులకు సోకుతుంది. కార్చిచ్చు భయమున్న ప్రాంతాల్లో ఇంటి గోడకు ఆనించి నాటనే కూడదు, దీని ఆకుల్లోని నూనె త్వరగా అంటుకుంటుంది.

కత్తిరింపు విషయానికొస్తే, ఆకులు రాలిన ముదురు కొమ్మ నుంచి చిగురు రాదు, కాబట్టి పచ్చదనం ఉన్న మేరకే కోయాలి. గూళ్లు కట్టే కాలంలో అసలు ముట్టుకోకూడదు. ఆ తరువాతనైనా గ్లవ్స్ వేసుకొని, కొమ్మలను మెల్లగా విడదీసి లోపల గూడు లేదని చూసుకున్నాకే కత్తెర పట్టాలి.